నటుని అడుగులు

నాటకపు పుస్తకము చేత బట్టుకొని చదువునప్పుడు పాత్రలన్నియు మన మనస్సులో ఎక్కడనో నిలిచి మాటలాడుచుండును. ఆ ‘ఎక్కడనో’ అను మాట పుస్తకమునకు చాలును, రంగస్థలమునకు చాలదు. రంగస్థలముపై మనుష్యుడు ఒక నిర్దిష్టమైన చోట నిలువవలెను, ఒక వైపునకు ముఖము త్రిప్పవలెను, ఒక మాట వద్ద కదలి వేరొక చోటికి చేరవలెను. ఈ నిలుకడలను, ఈ కదలికలను ముందుగా నిర్ణయించుకొని అలవాటు చేసికొనుట నాటకాభ్యాసములో సగము పని. ఇంగ్లీషు రంగస్థలమువారు దీనిని బ్లాకింగు అందురు. మన నాటక సమాజములలో మూవుమెంట్లు అను మాట వాడుకలో నున్నది. కళాశాల వార్షికోత్సవమున మొదటిసారి వేషము కట్టబోవు విద్యార్థికి ఈ పని ఎట్లు జరుగునో, ఎందుకు జరుగవలెనో ఈ ప్రసంగములో చెప్పదలచితిమి.

మీ ఇంటి అబ్బాయియో, అమ్మాయియో చీకటి పడిన తరువాత రిహార్సలునుండి వచ్చి, “ఈరోజు నటనే లేదు, మూడు గంటలసేపు నడిచాము” అని చెప్పినచో, పరీక్షలు దగ్గర పడుచుండగా ఈ నడక యేమని పెద్దలు విసుగుకొనుటలో ఆశ్చర్యము లేదు. విద్యార్థులకును మొదట విసుగే. “మమ్మల్ని మా ఇష్టానికి వదిలేస్తే బాగా చేస్తాం మాష్టారూ, ఇక్కడ నిలబడు, అక్కడికి పో అని డ్రిల్లు చేయిస్తే నటన ఎలా వస్తుందండీ?” అని అడుగువారు ప్రతి బృందములోను ఒకరిద్దరుందురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానము సూత్రముగా చెప్పుటకంటె ఒక రంగమును తీసికొని చూపుట మేలు. కాని అంతకుముందు అభ్యాసము ఏ వరుసలో నడచునో కొంచెము తెలిసికొనవలెను.

మన ఆధునిక రంగస్థలమే విద్యార్థులతో మొదలైనదన్న సంగతి ఇచ్చట గుర్తుచేయదగినది. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ శిష్యులచే నాటకములాడించిరి. అప్పటికి వృత్తి నటుల అనుభవము వారికి లేదు. నేటి కళాశాల బృందము స్థితియు దాదాపు అట్టిదే. సాయంకాలము తరగతులు ముగిసిన తరువాత దొరకిన గది, దొరకిన బల్లలు, చివరి రెండు దినములకు మాత్రమే దొరకు అసలు రంగస్థలము. ప్రదర్శన ఒక్క రాత్రి. వృత్తి సమాజమువారు మొదటి ప్రదర్శనలో జరిగిన పొరపాటును పదవ ప్రదర్శనలో దిద్దుకొందురు. విద్యార్థికి రెండవ ప్రదర్శనయే లేదు.

అభ్యాసము కూర్చుండి చదువుటతో మొదలగును. రెండు మూడు దినములు అందరును చుట్టు కూర్చుండి ఎవరి మాటలు వారు చదువవలెను. అర్థము కాని చోట ఆగి అడుగవలెను. అటుపిమ్మట నేలపై గీతలు. ప్రదర్శన జరుగబోవు రంగస్థలపు వెడల్పును, లోతును టేపుతో కొలిచి, ఆ కొలతలనే తరగతి గది నేలపై సుద్దతో గీయవలెను. ద్వారమునకు రెండు గీతలు, మంచమునకు నాలుగు మూలలు. సుద్ద త్వరగా చెరిగిపోవును గనుక రంగు టేపు ముక్కలు అంటించువారు నేడు ఎక్కువ. గది చాలనిచో డాబాపై గీసికొనవచ్చును, ఆటస్థలములో గీసికొనవచ్చును. కొలత మాత్రము తగ్గించరాదు. చిన్న గదిలో అలవాటైన నాలుగడుగులు పెద్ద రంగస్థలముపై సగము దారికే చాలును. మాట ముగిసిపోవును, నటుడు దారి మధ్యలో నిలిచిపోవును.

కదలికలను పుస్తకపు అంచున పెన్సిలుతో వ్రాసికొనవలెను. సిరాతో వ్రాయువారు మూడవనాడు చింతింతురు, ఏలయన మూడవనాడు సగము మారును. కుడి ఎడమలు ఎప్పుడును నటునివి, ప్రేక్షకునివి కావు. దర్శకుడు ఎదుట కూర్చుండి ‘కుడి’ అన్నప్పుడు తన ఎడమచేతి వైపును ఉద్దేశించుచున్నాడని ప్రతి విద్యార్థియు మొదటి దినమే తెలిసికొనవలెను. ఇంగ్లీషు పుస్తకములలో వెనుక భాగమును పై భాగమనియు, ముందు భాగమును క్రింది భాగమనియు వ్రాయుదురు. పూర్వము ఐరోపాలో రంగస్థలమును వెనుకనుండి ముందునకు వాలుగా కట్టుచుండిరి. వాలు పోయినను మాట మిగిలినది.

ఇక రంగము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. నేడు మనము సాధారణముగా చదువు పెంచి వ్రాసిన రూపము 1909లో వెలువడినది. దాని మొదటి అంకములో మధురవాణి ఇల్లు. రామప్పంతులు ఆమెతో ఉండగా గిరీశము వచ్చును. పంతులు మంచము క్రింద దూరును. కొంతసేపటికి పూటకూళ్ళమ్మ గిరీశమును వెదకుచు వచ్చును. ఈసారి గిరీశమును అదే మంచము క్రింద దూరును. ఆమె చేత చీపురుకట్ట. గిరీశమునకు తగులవలసిన దెబ్బ పంతులు వీపునకు తగులును, గిరీశము తప్పించుకొని పోవును.

చదువునప్పుడు నవ్వు ఆగదు. అయినను ఇదే రంగము కళాశాల రంగస్థలములపై నవ్వు లేకుండ గడచిపోవుట మేము ఒకటి రెండుమారులు కాదు, పలుమారులు చూచితిమి. పాత్రధారులు అసమర్థులు కారు. మాటలన్నియు వారికి కంఠతా వచ్చును. లోపము మంచములో నున్నది.

మన కళాశాల హాళ్ళలో ఎక్కువ వానిలో నేల చదునుగా ఉండును. కుర్చీలన్నియు ఒకే ఎత్తున ఉండును. రంగస్థలము మూడు నాలుగు అడుగుల ఎత్తు. ఆ ఎత్తున నేలపై పండుకొన్న మనుష్యుడు ముందు వరుసలలోనివారికి అంచు అడ్డమై కనబడడు. వెనుక వరుసలలోనివారికి ముందువారి తలలు అడ్డమగును. మంచము క్రింద ఇద్దరు మగవారు ఒకరినొకరు చూచుకొని ఉలికిపడుటలోనే హాస్యమంతయు నున్నది. ఆ ఉలికిపాటును చూచువారు దర్శకుడును, ప్రాంప్టరును మాత్రమే! ప్రేక్షకులకు కనబడునది దుప్పటి అంచు.

కావున మొదట నిర్ణయింపవలసినది నటుల స్థానము కాదు, మంచము స్థానము. నులక మంచము పనికిరాదు. ఎత్తైన పట్టెమంచము కావలెను, కోళ్ళ క్రింద చెక్కముక్కలు పెట్టి మరి నాలుగంగుళములు లేపవలెను. దానిని రంగస్థలపు అంచునకు దగ్గరగా గాక కొంత వెనుకకు, వీలైనచో అడుగు ఎత్తు వేదికపై వేయవలెను. దుప్పటి వెనుక వైపున నేలదాక వ్రేలాడవలెను, ప్రేక్షకుల వైపున పట్టె దాటరాదు. గదిలోనివారికి చాటు, హాలులోనివారికి కిటికీ. ఇది నిర్ణయించిన తరువాత హాలులో చివరి వరుసలో ఒక విద్యార్థిని కూర్చుండబెట్టి, పంతులు ముఖము కనబడుచున్నదా అని అడిగి తెలిసికొనవలెను. ఆ ఒక్క ప్రశ్నకు పదిమంది నటుల ప్రతిభకంటె ఎక్కువ విలువ కలదు.

రెండవది ద్వారము. మంచము ద్వారమునకు దగ్గరగా ఉన్నచో దాగుకొనుటకు వ్యవధియే పట్టదు. వ్యవధి లేనిచోట గాబరా లేదు. అందుచేత ద్వారము నటుని ఎడమ ప్రక్కన, మంచము కుడి ప్రక్కన అనుకొందము. వెలుపల తలుపు చప్పుడు వినబడినప్పుడు పంతులు వేషధారి మొదట ద్వారమువైపు రెండడుగులు వేసి, దారి లేదని తెలిసి, వెనుకకు తిరిగి గది దాటి మంచమును చేరును. ఆ తప్పుటడుగులు రెండును లేనిచో అతడు మంచము క్రిందికి పోవుటకే పుట్టినవానివలె కనబడును. విద్యార్థి నటులలో తఱచు కనబడు దోషమిది: తరువాత ఏమి జరుగునో పాత్రకు తెలియదు గాని పాత్రధారికి తెలియును, ఆ తెలివి కాళ్ళలో బయటపడును.

ఇప్పుడు చిక్కు ముడి వచ్చుచున్నది. పూటకూళ్ళమ్మ ద్వారమునుండి వచ్చి మంచమునకు ద్వారము వైపుననే నిలిచి చీపురు ఎత్తినచో గిరీశము పారిపోవు దారిని ఆమెయే మూసివేసినట్లగును. గిరీశము ఆమె కాళ్ళ మీదుగా దూకి పోవలసి వచ్చును. చాల ప్రదర్శనలలో జరుగునది అదే. ఆమె ఏ కారణము లేకయే ప్రక్కకు తొలగును, గిరీశము పోవును, ప్రేక్షకులకు ఆమె దారి ఇచ్చినట్లు స్పష్టముగా తెలియును. అంతటితో నాటకము చచ్చినట్లే. ఆమె మంచమునకు ఆవలి ప్రక్కకు పోయి తీరవలెను. దర్శకుడు “అటువైపు వెళ్ళమ్మా” అనవచ్చును, ఆ విద్యార్థిని వెళ్ళవచ్చును. కాని ఎందుకు?

ఇచ్చటనే విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. దర్శకుడు చెప్పునది ఎక్కడికి అనునది మాత్రమే. ఎందుకు అనునది నటుడు వెదకికొనవలెను, అది పాత్రకు చెందిన కారణము కావలెను. ఈ రంగములో ఆ కారణము మధురవాణి చేతిలో నున్నది. ఆ ఇల్లు ఆమెది. ఆ గదిలో నలుగురున్నను తొణకనిది ఆమె యొక్కతెయే. మాటలాడుచు ఆమె ముందుగా మంచపు తలవైపునకు, అనగా ద్వారమునకు దూరముగా, మెల్లగా నడచి పోయినచో, కోపముతో వచ్చిన పూటకూళ్ళమ్మ ఆమె వెంటబడి అటే పోవును. కోపించిన మనుష్యులు ఎదుటివారి ముఖమునకు దగ్గరగా పోవుట సహజము గదా. అప్పుడు ద్వారపు దారి తనంతట ఖాళీ యగును. మధురవాణి పూటకూళ్ళమ్మను అటు నడిపించుచున్నదని ప్రేక్షకులకు తెలియును, పూటకూళ్ళమ్మకు తెలియదు. మూడడుగుల నడకచే ఒక పాత్ర తెలివితేటలన్నియు బయటపడినవి. దీనికి గ్రంథకర్త ఒక్క మాటయు అదనముగా వ్రాయనక్కరలేదు. ఈ రంగమునకు ఇదొక్కటే విధానమని మేము అనము. వేరొక బృందము ద్వారమును వెనుక గోడకు పెట్టి వేరొక విధముగా ముడి విప్పవచ్చును. ముడి ఉన్నదని మాత్రము ముందుగా గుర్తింపవలెను.

దెబ్బ విషయములో మా అభిప్రాయము కఠినము. కొట్టుట, నెట్టుట, పడుట అనువానిని ఎన్నడును అప్పటికప్పుడు తోచినట్లు చేయరాదు. చీపురు పైకెత్తు చేయి ఏది, అది దిగుచోటు ఏది, దెబ్బ తినువాని తల అప్పుడెక్కడ అనునవి అంకెలు లెక్కించుచు మొదట చాల మెల్లగా అభ్యసింపవలెను. చీపురు మంచపు పట్టెకో, నేలకో తగులవలెను. కేక వేయువాడు పంతులు. చప్పుడును కేకయు కలిసినప్పుడు దెబ్బ అతనికే తగిలినదని ప్రేక్షకుడు నమ్మును. ఈనెల చీపురు కన్నునకు ప్రమాదకరము. ప్రదర్శన రాత్రి ఉత్సాహము హెచ్చి, అభ్యాసములో లేని దెబ్బ ఒకటి అదనముగా వేసిన పాత్రధారిని మెచ్చుకొనువారిని మేము చూచితిమి. ఆ మెప్పు ఇవ్వరాదు. ఎదుటివాడు తన కన్నులను, తన వ్రేళ్ళను మనలను నమ్మి మంచము క్రింద పెట్టియున్నాడు.

ఈ క్రమమంతయు పశ్చిమమునుండి వచ్చినదని తలపరాదు. భరతుని నాట్యశాస్త్రము రంగపీఠమును కక్ష్యలుగా విభజించు పద్ధతి చెప్పినది. ముందు ప్రవేశించినవారు లోపల నున్నట్లును, తరువాత ప్రవేశించినవారు వెలుపల నున్నట్లును గ్రహింపవలెనని దాని నియమము. రంగముపై చుట్టు తిరిగి వచ్చినచో చోటు మారినట్లు. సంస్కృత నాటకములలో తఱచు కనబడు ‘పరిక్రమ్య’ అను సూచన అదే. గోడలు, తలుపులు లేని రంగస్థలముపై నటుని అడుగులే గోడలు, అడుగులే వీధులు. మన వీధి భాగవతులు తెర పట్టుకొని చేయు ప్రవేశములలో ఈ సంప్రదాయపు ఛాయ నేటికిని కనబడును.

తరువాతి కాలమున మన అలవాటు వేరుగా సాగినది. పద్యనాటకములో పద్యము ఎత్తుకొనువాడు ముందునకు వచ్చి నడుమ నిలుచుట రివాజు; సంగీతము ప్రధానమైనచోట అది తప్పు కాదు. తరువాత మైకు వచ్చినది. రంగస్థలపు ముందు భాగమున వ్రేలాడదీసిన ఒకటి రెండు మైకుల క్రిందికి నటులందరును చేరి, అచ్చటనే నిలిచి మాటలాడుట దశాబ్దములపాటు వచన నాటకములను గూడ పట్టి పీడించినది. తండ్రికొడుకులు కలహించినను, ప్రేయసీప్రియులు విడిపోయినను ఆ మూరెడు చోటులోనే. ఇప్పుడు దుస్తులకు తగిలించుకొను చిన్న మైకులు వచ్చినవి; అయినను పాత అలవాటు చేత ముందు అంచునకు వచ్చి వరుసగా నిలుచు బృందములు లేకపోలేదు. విద్యార్థి మొదట నేర్వవలసినది మైకు లేకుండ చివరి వరుసకు వినబడుట. కంఠము చేరినచోటికి కాళ్ళు స్వేచ్ఛగా పోగలవు.

రేడియో నాటకము వినుట మీకు అలవాటే. స్టూడియోలో ఆ నటులకు గూడ అడుగులు నిర్ణయింపబడియే ఉండును. ప్రక్క గదిలోనుండి పిలుచు తల్లి మైకునకు దూరముగా నిలిచి పిలుచును. రహస్యము చెప్పువాడు మైకునకు దగ్గరగా వచ్చును. వెళ్ళిపోవువాడు మాటలాడుచునే వెనుకకు అడుగులు వేయును. మీ ఇంటిలో కన్నులు మూసికొని విన్నను గది ఎంత పెద్దదో, ఎవరెచ్చట నున్నారో మీకు తెలియును. కంటికి కనబడని నాటకమునకే ఇంత లెక్క కావలసినప్పుడు, కంటి ముందు జరుగు నాటకమునకు వేరుగా చెప్పనేల?

దర్శకుడు ముందుగా అంతయు వ్రాసికొని రావలెనా, నటులతో కలిసి వెదకవలెనా అను వాదము చాల పాతది. 1898లో మాస్కో ఆర్టు థియేటరువారు చెహోవు ‘సీగల్’ నాటకమును ప్రదర్శించినప్పుడు స్తానిస్లావ్‌స్కీ ప్రతి కదలికను, ప్రతి నిశ్శబ్దమును ముందుగానే వ్రాసి పంపెను. ఆయనయే వృద్ధాప్యమున నటులను చేయవలసిన పనుల ద్వారా తామే దారి వెదకికొనునట్లు ప్రోత్సహించెను. విద్యార్థి బృందమునకు మా సలహా ఈ రెంటికి నడుమ నుండును. మంచము, ద్వారము, ప్రవేశ నిష్క్రమణలు, దెబ్బలు దర్శకుడు ముందుగా నిర్ణయించి రావలెను. వాని నడుమనున్న చిన్న కదలికలను పాత్రధారులు చేసి చూచి తేల్చవలెను. తేల్చినవి మాత్రము ఒక తేదీ తరువాత మార్చరాదు. ప్రదర్శనకు వారము ముందు ఎవరికో ఒక మెరుపు తోచును. అది నిజముగా మెరుపే కావచ్చును. కాని ఒకని అడుగు మారినచో ముగ్గురి అడుగులు మారవలెను, దీపముల వెలుగు మారవలెను. ఆ కాలము అప్పుడుండదు.

మాటలు కంఠస్థము చేయుట అడుగులు నిర్ణయమైన తరువాతనే మేలని మా అనుభవము. ఇంటిలో గోడకు ఎదురుగా కూర్చుండి వల్లించినవాడు రంగస్థలముపై గూడ గోడకే చెప్పుచున్నట్లుండును. నడచుచు నేర్చినచో మాటకు అడుగు, అడుగునకు మాట జ్ఞాపకము తెచ్చును. ఎదుటివాని చివరి మాటకొరకు మాత్రమే కాచుకొని కూర్చుండుట మరొక జాడ్యము. క్యూ వినవలెను, దానికి ముందున్న మాటలు గూడ వినవలెను. వస్తువులు, దుస్తులు మొదటినుండియు ఉండవలెను. పంట్లాముతో మంచము క్రింద దూరిన విద్యార్థి పంచెకట్టుతో దూరునప్పుడు చిక్కుకొనును. చీర కట్టి గబగబ నడచుట అలవాటులేని విద్యార్థిని అభ్యాసమునకే చీరతో రావలెను.

చివరి దినములలో ఒకమారు మాటలు లేకుండ నాటకమంతయు నడచి చూచుట చాల ఉపకరించును. ఒక్కరును నోరు మెదపరాదు. ప్రవేశములు, చూపులు, నిష్క్రమణలు మాత్రమే. కథ తెలియని స్నేహితుడొకడు ఎదుట కూర్చుండి, ఎవరు ఎవరిని మోసగించుచున్నారో చెప్పగలిగినచో అడుగులు సరిగా పడినట్లే. నవ్వునకు చోటు విడుచుట మాత్రము అభ్యాసములో రాదు. ప్రేక్షకులు నవ్వుచున్నప్పుడు తరువాతి మాట చెప్పినచో అది వినబడదు. చెప్పక బిగుసుకొని నిలిచినచో పాత్ర పోవును. అందుచేత నవ్వు వచ్చునని తోచినచోట చేయుటకు ఒక పని పెట్టుకొనవలెను: మధురవాణి దుప్పటి సరిచేయవచ్చును, పంతులు వీపు తడవికొనవచ్చును. నవ్వు అణగుచుండగా, పూర్తిగా ఆగకముందే, తరువాతి మాట అందుకొనవలెను.

ప్రదర్శన దినమున మధ్యాహ్నమే అందరును హాలునకు చేరి, ఎవరి అడుగులు వారు కొత్త నేలపై కొలిచికొనవలెను. వింగుల వెనుక చీకటిలో ఏ మేకు, ఏ త్రాడు కాలికి తగులునో చూచుకొని తొలగింపవలెను. అసలు మంచము సాధారణముగా ఆ దినముననే వచ్చును, ఎవరి ఇంటినుండియో బండిపై. దాని ఎత్తు కొలిచి, చెక్కలు పెట్టి, కోళ్ళు కదలుచున్నవేమో చూచి, మొదట పంతులు వేషధారి, తరువాత గిరీశము వేషధారి, పిమ్మట ఇద్దరును కలిసి ఒకమారు దూరి బయటికి రావలెను. అది ముగియనిదే ఎవరును ముఖమునకు రంగు వేసికొనుటకు కూర్చుండరాదు.